స్ట్రోక్ తర్వాత రోగనిరోధక కణాలు: అణచాలా, పెంచాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నాన్నగారికి నాలుగు రోజుల క్రితం మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట తడబడుతోంది. రక్తపరీక్షలో తెల్లరక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం 84 శాతం, లింఫోసైట్లు అనే రకం 9 శాతం అని వచ్చింది. మెదడులో ఇన్‌ఫ్లమేషన్ (రోగనిరోధక కణాలు రేగడం వల్ల వచ్చే వాపు, మంట) ఉందని డాక్టరుగారు అన్నారు. అలాంటప్పుడు దాన్ని అణచడానికి స్టెరాయిడ్ ఎందుకు ఇవ్వడం లేదన్నది మీ మొదటి ప్రశ్న. లింఫోసైట్లు తగ్గాయి కాబట్టి రోగనిరోధక శక్తి పెంచే మాత్రలు వాడమని బంధువులు చెబుతున్నారు, వాడవచ్చా అన్నది రెండోది.

స్ట్రోక్ వార్డులో చాలాకాలంగా పనిచేస్తున్న వైద్యుడిగా ముందు జవాబు చెప్పి, తర్వాత కారణాల్లోకి వెళతాను. స్టెరాయిడ్ ఇవ్వకపోవడం సరైన పనే. ఆ మాత్రలు వద్దు. అణచవద్దంటారు, పెంచవద్దంటారు, మరి ఏం చేయాలని మీకు విసుగు రావచ్చు. స్ట్రోక్‌లో రోగనిరోధక కణాల వ్యవహారమే అంత పేచీకోరుది. మొదటి రోజు చెరుపు చేసిన కణమే పదో రోజు బాగుచేసే పనిలో ఉంటుంది. ఒకే రోజున మెదడులో ఈ కణాల ఉద్ధృతి ఎక్కువగా ఉంటే, ఊపిరితిత్తుల్లో కాపలా సన్నగిల్లి ఉంటుంది. ఏ కణం, ఎక్కడ, ఎన్నో రోజున అన్నది తేల్చకుండా మందు వేస్తే ఏమవుతుందో కింద ఉదాహరణలతో చెబుతాను.

గడ్డ అడ్డుపడిన క్షణం నుంచి మొదలుపెడదాం. రక్తం పూర్తిగా ఆగిపోయిన నడిమి భాగంలో నాడీకణాలు నిమిషాల్లోనే చనిపోతాయి. పెద్ద రక్తనాళం మూసుకుపోతే, వైద్యం అందని ప్రతి నిమిషానికీ సగటున 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో ఒక లెక్క వేశారు. ఆ నడిమి భాగం చుట్టూ ఇంకా కొద్దో గొప్పో రక్తం అందుతున్న అంచు ప్రాంతం ఉంటుంది. అక్కడి కణాలు పని మానేస్తాయి కానీ వెంటనే చనిపోవు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చినా, రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగినా, ఆ తాపత్రయమంతా ఈ అంచును దక్కించుకోవడానికే. రోగనిరోధక కణాలు నష్టం చేసినా మేలు చేసినా అది ఎక్కువగా ఇక్కడే తెలుస్తుంది.

చనిపోతున్న కణాల నుంచి లోపల ఉండాల్సిన పదార్థాలు బయటికి కారతాయి. కణానికి శక్తినిచ్చే ఏటీపీ, హెచ్ఎంజీబీ1 అనే ప్రొటీన్, డీఎన్ఏ ముక్కలు అలాంటివి. బ్యాక్టీరియా గోడలోని పదార్థాన్ని పసిగట్టే టీఎల్ఆర్-4 అనే గ్రాహకమే హెచ్ఎంజీబీ1ను కూడా పసిగడుతుంది. దాడి చేసింది క్రిమా, రక్తం అందక చచ్చిన సొంత కణమా అన్న తేడా దానికి పెద్దగా ఉండదు. ఒక్క క్రిమి కూడా లేకుండానే మెదడులో ఇన్‌ఫ్లమేషన్ రగలడానికి ఇదే కారణం. మీ డాక్టరుగారు అన్నది ఈ ఇన్‌ఫ్లమేషన్ గురించే అయి ఉంటుంది. అది ఇన్‌ఫెక్షన్ కాదు, యాంటీబయాటిక్‌తో తగ్గేదీ కాదు.

ఈ సంకేతాలను మొదట అందుకునేవి మైక్రోగ్లియా. ఇవి మెదడులోనే స్థిరపడిన రోగనిరోధక కణాలు. మిగతా తెల్లరక్తకణాల్లా ఎముక మజ్జలో పుట్టవు. పిండం తొలి వారాల్లో ఉన్నప్పుడే పచ్చసొన సంచి నుంచి మెదడుకు చేరి, అక్కడే తమను తాము భర్తీ చేసుకుంటూ జీవితాంతం ఉండిపోతాయి. ఏ పనీ లేనప్పుడు ఇవి నిద్రపోతుంటాయని ఒకప్పుడు అనుకునేవారు. 2005లో బతికున్న ఎలుకల మెదడును ప్రత్యేకమైన మైక్రోస్కోపుతో చూసినప్పుడు, వీటి సన్నని కొమ్మలు క్షణం తీరిక లేకుండా కదులుతూ చుట్టుపక్కలను తడుముతున్నట్టు బయటపడింది. స్ట్రోక్ రాగానే ఆ కొమ్మలను ముడుచుకుని గుండ్రంగా మారి, ఐఎల్-1, టీఎన్ఎఫ్ లాంటి సైటోకైన్లను, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత రసాయనాలను వదులుతాయి. ఆ రసాయనాలు అంచు ప్రాంతంలోని నాడీకణాలకు హాని చేస్తాయి, రక్తనాళాల లోపలి పొరను రెచ్చగొడతాయి.

అలాగైతే మైక్రోగ్లియాను తీసేస్తే సరిపోతుందిగా అనిపిస్తుంది. పరిశోధకులకూ అలాగే అనిపించింది. 2016లో ఎలుకల్లో మైక్రోగ్లియాను ముందే దాదాపుగా తొలగించి, తర్వాత స్ట్రోక్ కలిగించి చూశారు. దెబ్బతిన్న ప్రాంతం తగ్గకపోగా సుమారు 60 శాతం పెరిగింది. రక్తం అందని నాడీకణాలు అదుపు తప్పి స్పందిస్తుంటే వాటిని నెమ్మదింపజేసే పని కూడా ఈ కణాలదేనని అప్పుడు తెలిసింది. పాఠ్యపుస్తకాల్లో ఎం1 అంటే చెడ్డది, ఎం2 అంటే మంచిదని రెండు గడుల పట్టిక ఉండేది. పరీక్ష రాయడానికి అది బాగానే ఉంటుంది. నిజమైన మెదడులో ఒకే కణం రెండు పనులూ చేస్తూ కనిపిస్తుంది కాబట్టి నేనైతే ఆ పట్టికను పక్కన పెట్టాను.

ఇక మీ రిపోర్టులో పెరిగిన న్యూట్రోఫిల్స్. తొలి రోజుల్లో ఎక్కువ చెరుపు వీటి వల్లనే, అందుకే వీటి గురించి కొంచెం విడమరచి చెప్పాలి. గడ్డ అడ్డుపడిన కొన్ని గంటల్లోనే ఇవి దెబ్బతిన్న చోటికి చేరడం మొదలవుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య వీటి సంఖ్య పతాకస్థాయిలో ఉంటుంది. సైటోకైన్ల వల్ల రెచ్చిపోయిన రక్తనాళం లోపలి పొర మీద సెలెక్టిన్లు అనే అంటుకునే అణువులు మొలుస్తాయి. రక్తంలో వేగంగా కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ వాటికి తగులుకుని వేగం తగ్గి, గోడ వెంట దొర్లుతుంది. తర్వాత ఐసీఏఎం-1 అనే మరో అణువు దాన్ని గట్టిగా పట్టేస్తుంది. అక్కడ ఆగిన కణం నాళం గోడ సందుల్లోంచి దూరడానికి చూస్తుంది. మెదడు కణజాలం లోపలికి ఎన్ని చొరబడతాయి, ఎన్ని నాళం గోడల దగ్గరే ఆగిపోతాయి అన్నదానిపై నిపుణుల్లో ఇప్పటికీ వాదన ఉంది. నష్టం చేయడానికి మాత్రం అవి లోపలికి రానక్కర్లేదు.

ఎందుకంటే మెదడులోని అతి సన్నని రక్తకేశనాళికల లోపలి వెడల్పు న్యూట్రోఫిల్ కంటే తక్కువ. మామూలు రోజుల్లో ఈ కణం సాగి, నలిగి, ఎలాగో ఇరుక్కుని అవతలికి పోతుంది. రెచ్చిపోయిన న్యూట్రోఫిల్ బిరుసెక్కుతుంది, గోడకు అంటుకుంటుంది, నాళికలోనే బిరడాలా ఇరుక్కుపోతుంది. పెద్ద రక్తనాళంలోని గడ్డను వైద్యులు విజయవంతంగా తీసేసినా, స్కానింగ్‌లో నాళం తెరుచుకున్నట్టు స్పష్టంగా కనిపించినా, కొందరు రోగులు ఆశించినంతగా కోలుకోకపోవడానికి ఇదొక కారణమని భావిస్తున్నారు. పెద్ద నాళంలో రక్తం పారుతున్నా చివరి నాళికల్లోకి చేరదు. గడ్డ తీశారు కదా, చెయ్యి ఎందుకు కదలడం లేదని అడిగే కుటుంబాలకు నేను మొదట వివరించేది దీన్నే.

రెండో నష్టం గోడకే జరుగుతుంది. న్యూట్రోఫిల్స్ వదిలే ఎంఎంపీ-9 అనే ఎంజైము రక్తనాళాన్ని పట్టి ఉంచే పొరను కోసేస్తుంది. రక్తంలోని ప్రతి పదార్థం మెదడులోకి పోకుండా ఆపే రక్త-మెదడు అవరోధం దాంతో సడలుతుంది. నీరు చేరి వాపు పెరుగుతుంది. మరీ సడలితే దెబ్బతిన్న చోటే రక్తస్రావం అవుతుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలని పట్టుబట్టడం వెనుక ఈ రక్తస్రావ భయం కూడా ఉంది. ఆలస్యమైన కొద్దీ దక్కే మెదడు తగ్గుతుంది, రక్తస్రావం ముప్పు దగ్గరవుతుంది.

మూడోది నాకు చాలా ఆసక్తికరంగా అనిపించే విషయం. న్యూట్రోఫిల్స్ తమ డీఎన్ఏనే బయటికి విసిరి వలలా పరుస్తాయని 2004లో కనుగొన్నారు. బ్యాక్టీరియాను పట్టడానికి వేసే వల అది. స్ట్రోక్ రోగుల మెదడు నాళాల నుంచి లాగి తీసిన గడ్డలను మైక్రోస్కోపు కింద పరీక్షిస్తే, వాటిలో కూడా ఈ డీఎన్ఏ వలలు కనిపించాయి. గడ్డ కరిగించే మందు ఫైబ్రిన్ అనే ప్రొటీన్ పోగులను తెంపుతుంది. డీఎన్ఏ పోగుల మీద అది పనిచేయదు. ప్రయోగశాలలో ఆ గడ్డ ముక్కలను మామూలు మందుతో పాటు డీఎన్ఏను కోసే డీఎన్ఏస్ ఎంజైములో కూడా నానబెడితే అవి త్వరగా కరిగాయి. మంచం పక్కన వాడదగిన చికిత్సగా అది ఇంకా స్థిరపడలేదు. ఈ రంగంలో ఆశ పెట్టుకోదగ్గ దారులు ఏవని అడిగితే మాత్రం నేను మొదట చూపించేవాటిలో ఇదొకటి.

ఇన్ని న్యూట్రోఫిల్స్ ఎక్కడి నుంచి వస్తాయి? శరీరంలోని ఎముక మజ్జ అంతటి నుంచీ సమానంగా వస్తాయనుకునేవాళ్లం. 2018లో ఎలుకల మీద జరిగిన పరిశోధన వేరే మాట చెప్పింది. స్ట్రోక్ తర్వాత మెదడుకు చేరిన న్యూట్రోఫిల్స్‌లో కాలి ఎముక మజ్జ నుంచి వచ్చినవాటి కంటే పుర్రె ఎముక మజ్జ నుంచి వచ్చినవే ఎక్కువ. పుర్రె ఎముకను తొలుచుకుని మెదడు పైపొరల వరకు వెళ్లే సూక్ష్మమైన కాలువలు ఉన్నాయట. మనిషి పుర్రెలోనూ అలాంటి కాలువలు కనిపించాయి. ఇన్నేళ్లు శవపరీక్షలు చేసినవాళ్ల కళ్ల ముందే ఉన్నా ఎవరికీ ఆనలేదు!

రెండు, మూడు రోజులు దాటాక మోనోసైట్లు అనే మరో రకం తెల్లరక్తకణాలు వస్తాయి. ఇవి కణజాలంలోకి చేరి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. చచ్చిన కణాలను, విరిగిన నాడీతంతువుల పొరలను మింగి శుభ్రం చేయడం వీటి ప్రధానమైన పని. మొదట్లో ఇవి కూడా రెచ్చగొట్టే రసాయనాలనే వదులుతాయి. మింగిన కొద్దీ వీటి స్వభావం మారి, మరమ్మతుకు తోడ్పడే పదార్థాలు వదలడం మొదలవుతుంది. వీటిని రాకుండా ఆపిన ఎలుకల్లో దెబ్బతిన్న చోట రక్తస్రావం ఎక్కువైంది. అంటే కొత్తగా అతుక్కుంటున్న రక్తనాళాల గోడలు నిలబడటానికి ఇవి కావాలి. మెదడులో రక్తస్రావం వల్ల వచ్చే స్ట్రోక్‌లో వీటి అవసరం ఇంకా ఎక్కువ. కారి గడ్డకట్టిన రక్తాన్ని మైక్రోగ్లియా, మాక్రోఫేజ్‌లు కలిసి మింగి తొలగించాలి. తొలగింపు ఆలస్యమైతే ఎర్రకణాలు పగిలి, వాటిలోని ఇనుము చుట్టుపక్కల నాడీకణాలకు విషమవుతుంది.

లింఫోసైట్ల సంగతి ఇంకా చిక్కుగా ఉంటుంది. వీటిలో టి-కణాలు, బి-కణాలు అనేవి ముఖ్యమైన రకాలు. టి-కణాలు తక్కువ సంఖ్యలోనే అయినా తొలి 24 గంటల్లోనే మెదడుకు చేరతాయి. పుట్టుకతోనే టి, బి కణాలు లేని ఎలుకల్లో స్ట్రోక్ నష్టం తక్కువగా ఉంటుందని 2006 నుంచి వరుసగా పరిశోధనలు చూపించాయి. గామా-డెల్టా అనే ఒక రకం టి-కణాలు ఐఎల్-17 అనే సైటోకైన్ వదిలి న్యూట్రోఫిల్స్‌ను పిలుస్తాయి. వీటిలో కొన్ని పేగుల నుంచి మెదడు పైపొరలకు వస్తాయని 2016లో ఎలుకల్లో చూశారు. పేగుల్లోని బ్యాక్టీరియా మారితే స్ట్రోక్ తీవ్రత కూడా మారింది. దీన్ని పట్టుకుని ప్రొబయోటిక్ డబ్బాలు అమ్మేవాళ్లు ఉన్నారు. ఎలుకలో పేగు బ్యాక్టీరియాను మార్చడం, మనిషికి మాత్ర ఇవ్వడం ఒకటి కాదు.

టి-కణాల్లోనే నియంత్రక రకం ఒకటి ఉంది, వాటిని టి-రెగ్ కణాలంటారు. తొలి రోజుల్లో ఇవి రక్షిస్తాయని ఒక పరిశోధన బృందం, చిన్న నాళాల్లో గడ్డలు పెంచి హాని చేస్తాయని మరో బృందం వాదించుకున్నాయి. తర్వాతి దశ గురించి అంత గొడవ లేదు. స్ట్రోక్ వచ్చిన రెండు, మూడు వారాలకు ఎలుక మెదడులో టి-రెగ్ కణాలు పెద్దసంఖ్యలో చేరి, యాంఫిరెగ్యులిన్ అనే ప్రొటీన్ వదిలి, చుట్టూ ఉన్న సహాయక కణాల దుందుడుకును తగ్గించి కోలుకోవడానికి తోడ్పడతాయని 2019లో జపాన్ పరిశోధకులు చూపించారు. బి-కణాలు దీనికి భిన్నం. కొన్ని ఎలుకల్లో స్ట్రోక్ జరిగిన వారాల తర్వాత అవి దెబ్బతిన్న చోట పోగై, యాంటీబాడీలు తయారుచేసి, జ్ఞాపకశక్తిని ఆలస్యంగా దెబ్బతీశాయి. మొదటి స్ట్రోక్ తర్వాత సుమారు పది మందిలో ఒకరికి కొత్తగా మతిమరుపు వ్యాధి వస్తుంది. అందులో బి-కణాల వాటా ఎంతో ఇప్పుడు పరిశీలిస్తున్నారు. అవే బి-కణాలు కొత్త నాడీకణాల పుట్టుకకు సాయపడినట్టు చెప్పే పరిశోధన కూడా ఉందని మర్చిపోకూడదు.

ఇప్పుడు మీ రిపోర్టులోని రెండో అంకెకు వస్తాను. లింఫోసైట్లు 9 శాతం. పెద్దలలో సాధారణంగా 20 నుంచి 40 శాతం ఉంటాయి. మెదడు దెబ్బతినగానే శరీరం తీవ్రమైన ఒత్తిడిలోకి వెళుతుంది. ఒత్తిడి వేళ శరీరాన్ని ఉరకలెత్తించే సింపథెటిక్ నాడులు అదేపనిగా రగిలి అడ్రినలిన్ కుటుంబ రసాయనాలు, అడ్రినల్ గ్రంథి నుంచి కార్టిసాల్ పెద్దఎత్తున విడుదలవుతాయి. రక్తనాళాల గోడలను అంటిపెట్టుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ వీటి ధాటికి రక్తప్రవాహంలోకి వస్తాయి, మజ్జ నుంచి కొత్తవి విడుదలవుతాయి. లింఫోసైట్లు చనిపోతాయి. ప్లీహం కుంచించుకుపోతుంది. అంటే ఒక అంకె పెరగడం, మరో అంకె పడిపోవడం ఒకే దెబ్బకు జరిగినవి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మీ నాన్నగారికి 9 పైచిలుకు వస్తుంది. ఆరోగ్యవంతుల్లో అది సాధారణంగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. ఈ నిష్పత్తి ఎక్కువ ఉన్నవాళ్లు సగటున కోలుకోవడం కష్టమవుతోందని చాలా పరిశీలనల్లో తేలింది. కానీ అది వేలమంది సగటు. మీ నాన్నగారి భవిష్యత్తును ఆ ఒక్క అంకె చూసి చెప్పలేం, చెప్పేవాళ్లను నమ్మవద్దు.

ఈ లింఫోసైట్ల పతనం వల్ల నిజంగా భయపడాల్సింది న్యుమోనియా గురించి. స్ట్రోక్ రోగుల్లో సుమారు 10 శాతం మందికి అది వస్తుంది, ఎక్కువగా మొదటి వారంలోనే. మింగడం సరిగా రాక లాలాజలం, ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అక్కడ కాపలా కాయాల్సిన కణాలు అదే సమయంలో నీరసించి ఉంటాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు. 2003లో బెర్లిన్‌లో ఎలుకలకు స్ట్రోక్ కలిగిస్తే మూడు రోజుల్లోనే వాటంతట వాటికే ఊపిరితిత్తుల్లోనూ రక్తంలోనూ బ్యాక్టీరియా చేరింది. ప్రొప్రనొలాల్ ఇచ్చి సింపథెటిక్ నాడుల ప్రభావాన్ని అడ్డుకుంటే ఇన్‌ఫెక్షన్లు, మరణాలు తగ్గాయి. మనుషుల్లో ఆ తరహా మందుల మీద వచ్చిన ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. పోనీ ముందుజాగ్రత్తగా అందరికీ యాంటీబయాటిక్ ఇస్తే? 2015లో రెండు పెద్ద పరీక్షలు జరిగాయి. నెదర్లాండ్స్‌లో 2,500 మందికి పైగా రోగులతో, బ్రిటన్‌లో మింగలేని 1,200 మందికి పైగా రోగులతో. మొదటిదాంట్లో రోగులు కోలుకోవడంలో తేడా రాలేదు. రెండోదాంట్లో న్యుమోనియా కూడా తగ్గలేదు.

శరీరం తన సొంత రక్షణను ఇలా ఎందుకు తగ్గించుకుంటుంది? మెదడులోని ప్రొటీన్లు మామూలుగా రోగనిరోధక కణాల కంటపడవు. అవరోధం తెగినప్పుడు ఒక్కసారిగా రక్తంలోకి వస్తాయి. అప్పుడు లింఫోసైట్లు పూర్తి బలంతో ఉంటే మెదడునే శత్రువుగా గుర్తించి దాడి చేసే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ అణచివేత మెదడును కాపాడుకునే ఏర్పాటు కావచ్చన్నది ఒక వాదన. రుజువైన సత్యం కాదు, కానీ కొట్టిపారేయదగ్గదీ కాదు. 'రోగనిరోధక శక్తి పెంచుతాం' అని రాసి ఉన్న మాత్రల విషయంలో నా అభ్యంతరం ఇక్కడి నుంచే మొదలవుతుంది. వాటితో స్ట్రోక్ రోగులకు మేలు జరిగినట్టు రుజువు లేదు. పైగా వాటిలో కలిపే మూలికలు కొన్ని, రక్తం పలచబరిచే మందుల ప్రభావాన్ని పెంచడమో తగ్గించడమో చేస్తాయి. అన్నిటికన్నా ముందు, మింగగలరో లేదో పరీక్షించకుండా నోట్లో మాత్ర, నీళ్లు పోయడమే న్యుమోనియాకు దారి.

స్టెరాయిడ్ విషయం. మెదడులో కణితి ఉన్నప్పుడు దాని చుట్టూ చేరే వాపు స్టెరాయిడ్ రకానికి చెందిన డెక్సామెథసోన్‌కు చక్కగా లొంగుతుంది. అది చూసినవాళ్లు స్ట్రోక్ వాపుకూ అదే ఇవ్వమంటారు. కణితి వాపు ప్రధానంగా రక్తనాళాల నుంచి కారిన నీరు. స్ట్రోక్‌లో తొలి వాపు, శక్తి అందక కణాలే నీరు పీల్చుకుని ఉబ్బడం వల్ల వస్తుంది. స్టెరాయిడ్ దాన్ని తగ్గించలేదు. పైగా రక్తంలో చక్కెర పెంచుతుంది, పొట్టలో పుండ్లు, రక్తస్రావం తెస్తుంది, ఇప్పటికే పడిపోయిన లింఫోసైట్లను ఇంకా పడగొడుతుంది. మెదడులో రక్తస్రావమైన రోగులకు డెక్సామెథసోన్ ఇచ్చి చూసిన పరీక్ష 1987లో వెలువడింది. మేలు లేదు, ఇన్‌ఫెక్షన్ల వంటి ఇబ్బందులు మాత్రం పెరిగాయి. 2024లో చైనాలో 1,680 మందికి, గడ్డను లాగి తీసే చికిత్సతో పాటు మూడు రోజులు తక్కువ మోతాదులో మరో స్టెరాయిడ్ అయిన మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇచ్చి చూశారు. వైకల్యం విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరణాలు మాత్రం కొంత తగ్గాయి. ఆసక్తికరమే గానీ, అందరికీ ఇవ్వడానికి అది చాలదు. ఒక మినహాయింపు చెప్పాలి. మెదడు రక్తనాళాలకే రోగనిరోధక వ్యాధి పట్టి, నాళాల గోడలు వాచి స్ట్రోక్ వస్తే అక్కడ స్టెరాయిడే అసలు మందు. ఎవరికో స్టెరాయిడ్‌తో నయమైందని మీరు వింటే అది ఈ కోవకు చెందినదేమో అడిగి చూడండి.

మరింత గురిపెట్టిన మందులకూ చేదు అనుభవమే ఎదురైంది. పైన చెప్పిన ఐసీఏఎం-1ను అడ్డుకుంటే న్యూట్రోఫిల్స్ గోడకు అంటుకోవు కదా అని ఎన్లిమొమాబ్ అనే యాంటీబాడీని 625 మంది రోగులతో పరీక్షించారు. 2001లో ఫలితం వచ్చింది. మందు తీసుకున్నవాళ్లలోనే మరణాలు, వైకల్యం ఎక్కువ. ఆ యాంటీబాడీ ఎలుకది. మనిషి శరీరం దాన్ని పరాయిదిగా చూసి స్పందించింది, జ్వరాలు వచ్చాయి, న్యూట్రోఫిల్స్ అణగడానికి బదులు రెచ్చిపోయి ఉంటాయని తర్వాత విశ్లేషించారు. కణాలు నాళం గోడ దాటకుండా ఆపే నటాలిజుమాబ్‌ను 2017లో పరీక్షించారు. మెదడులో దెబ్బతిన్న ప్రాంతం పెరగడం ఆగలేదు. ఐఎల్-1ను అడ్డుకునే అనాకిన్రాతో 2018లో చేసిన చిన్న పరీక్షలో రక్తంలోని ఇన్‌ఫ్లమేషన్ సూచికలు చక్కగా తగ్గాయి, రోగుల స్థితి మాత్రం మెరుగుపడలేదు. ల్యాబ్ కాగితం బాగుపడితే రోగి బాగుపడినట్టు కాదని నా దగ్గర శిక్షణకు వచ్చే వైద్యులకు దీన్నే ఉదాహరణగా చెబుతాను.

ఎలుకలో పనిచేసింది మనిషిలో ఎందుకు పనిచేయలేదు? ప్రయోగశాల ఎలుకలు చాలావరకు వయసులో ఉన్నవి, మగవి, బీపీ, షుగరు లేనివి, క్రిములు లేని గదుల్లో పెరిగినవి. వాటి తెల్లరక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ సుమారు 10 నుంచి 25 శాతమే, మనిషిలో సగానికి పైనే. ఎలుకకు స్ట్రోక్ ఎప్పుడు వచ్చిందో నిమిషంతో సహా తెలుసు కాబట్టి మందు వెంటనే పడుతుంది. మనిషి ఆసుపత్రికి చేరేసరికి ఆ తొలి దశ దాటిపోయి ఉండవచ్చు.

ఇన్ని ఖరీదైన మందులు తేలిపోయిన చోట మామూలు పనులు గెలిచాయి. 2011లో ఆస్ట్రేలియాలోని 19 స్ట్రోక్ యూనిట్లలో ఒక పరీక్ష జరిగింది. నర్సుల ఆధ్వర్యంలో మూడు విషయాలను పద్ధతిగా చూశారు: జ్వరం రాగానే తగ్గించడం, చక్కెరను అదుపులో ఉంచడం, మింగే పరీక్ష చేశాకే నోటికి ఏదైనా ఇవ్వడం. మూడు నెలల తర్వాత చనిపోయినవాళ్లు లేదా ఇతరుల మీద ఆధారపడినవాళ్లు మామూలు సంరక్షణ పొందినవారిలో 58 శాతం ఉంటే, వీళ్లలో 42 శాతమే. ఇంత తేడా చూపిన ఇన్‌ఫ్లమేషన్ మందు స్ట్రోక్‌లో ఇప్పటివరకు నాకు కనబడలేదు.

అందుకే రేపు డాక్టరుగారిని ఇవి అడగండి. మింగే పరీక్ష చేశారా, ఏ చిక్కదనంలో ఆహారం ఇవ్వాలి? సీఆర్‌పీ (రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ ఎంత ఉందో చూపే పరీక్ష), ఛాతీ ఎక్స్‌రే చూశారా? న్యూట్రోఫిల్స్ 84 శాతం స్ట్రోక్ ఒత్తిడి వల్ల కావచ్చు, మొదలవుతున్న న్యుమోనియా వల్లా కావచ్చు. జ్వరం, దగ్గు, ఆయాసం, కొత్తగా మగత, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే వెంటనే చెప్పాలి. తల వైపు మంచం ఎంత ఎత్తులో ఉంచాలో నర్సును అడిగి అలాగే ఉంచండి. తినిపించేటప్పుడు మాత్రం పూర్తిగా కూర్చోబెట్టాలి. రోజూ నోరు శుభ్రం చేయండి, నోటిలోని క్రిములే ఊపిరితిత్తుల్లోకి జారేది. డాక్టరు సరేనన్న రోజు నుంచి కూర్చోబెట్టడం, ఫిజియోథెరపీ ఆపకండి.

గడ్డ రాకుండా ఇచ్చే మాత్ర, బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర ఇంటికి వెళ్లాక కూడా కొనసాగించాలి. రక్తనాళం గోడలో పేరుకునే కొవ్వు పూడికలోనూ మాక్రోఫేజ్‌లే ఉంటాయి. అవి గోడను బలహీనపరిస్తే పూడిక పగిలి మళ్లీ గడ్డ కడుతుంది. ఆ ఇన్‌ఫ్లమేషన్‌ను కాల్చిసిన్ మాత్రతో తగ్గిస్తే మరో స్ట్రోక్ రాకుండా ఆపవచ్చేమోనని రెండు పెద్ద పరీక్షలు చేశారు. 2024లో వచ్చిన వాటి ఫలితాలు నిర్ణాయకంగా లేవు, కాబట్టి ఎవరైనా చెప్పారని దాన్ని సొంతంగా మొదలుపెట్టవద్దు. తెల్లకణాల లెక్కను రోజూ చేయించాల్సిన పని లేదు. జ్వరం వస్తే, లేదా డాక్టరు అవసరమనుకుంటే మళ్లీ చేస్తారు. లింఫోసైట్లు చాలామందిలో రోజుల నుంచి వారాల్లో వాటంతట అవే పుంజుకుంటాయి.